గృహవిజ్ఞానము: మూతక్రింది బలము



నేటి వంటయిండ్లలో కాలమును కొలుచునది గడియారము గాదు, ఈల. "పప్పునకు ఎన్ని యీలలు?" అని క్రొత్తకోడలు అడుగును. "నాలుగు రానిచ్చి దింపుము" అని అత్తగారు చెప్పును. అంతటితో పాఠము ముగియును. ఆ యీల యేల వచ్చుచున్నది, రాకపోయిన నేమి యగును, మంట యార్పిన వెంటనే మూత నేల తీయరాదు అను మాటలు తల్లి కూతునకు చెప్పుట యరుదు. ఏలయన ఆ తల్లికిని ఎవ్వరును చెప్పియుండలేదు. కట్టెలపొయ్యిమీద ఇత్తడిగిన్నెలో వండిన మన అమ్మమ్మలకు ఈ జ్ఞానముతో పని లేకుండెను. పొంగు వచ్చినప్పుడు వారి గిన్నెమూత తానే లేచి ఆవిరిని విడిచి, మరల తన చోట కూర్చుండెడిది. మన ప్రెషరు కుక్కరు మూత లేవదు. లేవకుండుటయే దాని గుణము. దాని ప్రమాదమును అదియే.

రెండేండ్లక్రిందట మా వీధిలో ఒక యిల్లాలు, పిల్లలకు బడివేళ మించుచున్నదని తొందరపడి, పొయ్యి కట్టిన మరుక్షణమే గరిటెకాడ అడ్డుపెట్టి కుక్కరు మూతను బలవంతముగా త్రిప్పెను. సలసల కాగుచున్న పప్పు ఆమె ముఖముమీదికిని చేతులమీదికిని చిమ్మెను. కన్నులు దక్కినవి గాని కుడిచేతి మచ్చ నేటికిని మాయలేదు. "దేవుడు చల్లగా చూచెను" అని అందరు ననిరి. నేనును కాదనను. కాని ఆ మూతక్రింద నెంత బలమున్నదో ఆమెకు ముందుగనే తెలిసియుండినచో దేవునికి ఆ శ్రమ తప్పియుండును. ఆ బలము నెట్లు లెక్కగట్టవలెనో ఈ మాసము చెప్పదలచితిని. లెక్క యనగానే పుట త్రిప్పవలదు. కూడిక, గుణకారము వచ్చిన చాలును.

వాయువును గూర్చి చెప్పునపుడు మూడు సంగతులు చెప్పవలసియుండును. అది ఆక్రమించు చోటు, అనగా ఘనపరిమాణము. అది పాత్రగోడలను నెట్టు బలము, అనగా పీడనము. దాని వేడిమి, అనగా ఉష్ణోగ్రత. ఈ మూడును ఒక యింటి తోడికోడండ్రవంటివి. ఒకతె కదలినచో తక్కిన యిద్దరిలో ఒకతెయైనను సర్దుకొనక తప్పదు.

నెట్టుటకు వాయువునకు చేతులున్నవా యని సందేహము కలుగవచ్చును. పోపు వేయునపుడు చూడుడు. మూకుటిలో ఆవాలు చిటపటలాడుచు మూతకు తగిలి టపటపమనుచుండును. ఒక్కొక్క గింజ యల్పమే. కాని అట్టి గింజలు కోటానుకోట్లు ఎడతెగక మూతను తాకుచుండినచో మూత పైకి లేవదా? వాయువు లోని యణువులును అట్లే నిలుకడ లేక పరుగెత్తుచు గోడలను తాకుచుండును. ఆ తాకిడుల మొత్తమే పీడనము. ఈ యూహను 1738లో దానియేలు బెర్నూలీ యను పండితుడు తన గ్రంథమున ప్రకటించెను. మూకుడు చిన్నదైనచో తాకిడులు దట్టమగును. మంట పెంచినచో తాకిడులు పెరుగుటయే గాక వాటి విసురును హెచ్చును. ఇక మీదట రాబోవు నియమములన్నియు ఈ రెండు మాటలలో నిమిడియున్నవి.

మొదటి నియమమును 1662లో ప్రకటించినవాడు ఐర్లండు దేశమున జన్మించిన రాబర్టు బాయిలు. ఆయన కొక్కెమువలె వంగిన పొడవైన గాజుగొట్టమును తీసికొని, దాని పొట్టికొనను మూసి, పొడుగుకొననుండి పాదరసమును పోయుచు వచ్చెను. పొట్టికొనలో చిక్కిన గాలి క్రమముగా నణగసాగెను. బయటి గాలియొత్తిడికి తోడుగా ఇంచుమించు 29 అంగుళముల పాదరసము అదనముగ నిలిచినప్పుడు, లోపలి గాలి మునుపటి చోటులో సగమునకు కుదించుకొనిపోయెను. 29 అంగుళముల పాదరసము మనమీద నున్న గాలి యంతటి యొత్తిడికి సమానము. అనగా ఒత్తిడి రెండింతలైన చోటు సగమైనది. వేడిమి మారకుండునంతవరకు పీడనమును ఘనపరిమాణముచే గుణించిన లబ్ధము మారదు. మావారు బడిలో దీనిని సైకిలుపంపుతో చూపుదురు. పంపు మూతిని వ్రేలితో మూసి పిడిని క్రిందికి నొక్కిన కొలది, గాలి యెట్లు మొరాయించునో పిల్లల వ్రేలికే తెలియును.

రెండవ నియమము వేడిమికి సంబంధించినది. దీని తొలిజాడను 1787 ప్రాంతమున కనిపెట్టిన ఫ్రాన్సు పండితుడు జాక్ షార్లు దానిని ప్రకటింపలేదు. 1802లో గేలుసాకు ప్రకటించుచు షార్లు పేరును మరువక చెప్పెను. పరుల సొమ్మును పరులదే యని చెప్పుకొను గుణము విద్వాంసులలో నేమంత సులభము కాదు కావున ఈ మాట వ్రాసితిని. ఈ షార్లే 1783 ఆగస్టు 27న పారిసు నగరమున జలవాయువు నింపిన బెలూను నెగురవేసెను. అది పైకి పోయిన కొలది వెలుపలి గాలి పలుచనై, లోపలి వాయువు వ్యాపింపగోరి, గుడ్డ చిరిగి గొనేసు అను పల్లెలో పడెను. ఆకాశమునుండి భూతము దిగినదని భయపడి పల్లెవారు దానిని పంగలకర్రలతో పొడిచి చీల్చివేసిరి. పాపము, దానియందలి భూతము బాయిలు చెప్పిన నియమమే.

గేలుసాకు నియమ మేమనగా: ఒత్తిడి మారనిచ్చక వాయువును వేడిచేసినచో, సున్న డిగ్రీలకడ దాని కున్న పరిమాణములో 273వ వంతు చొప్పున డిగ్రీడిగ్రీకి అది పెరుగును. చల్లార్చినచో అంతే తగ్గును. ఈ లెక్కనుబట్టి సున్నకు క్రింద 273 డిగ్రీలకడ వాయువునకు చోటే లేకుండ పోవలెను. నిజమునకు ఏ వాయువైనను అంతకు ముందే ద్రవమై పోవును గాని, వేడిమిని కొలుచుటకు అసలు సున్న యక్కడనే యున్నదని 1848లో కెల్విను ప్రభువు నిర్ణయించెను. ఖచ్చితముగా చెప్పిన 273.15 డిగ్రీలు.

ఇచ్చట అనేకులు తడబడుదురు. "గాలి 30 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు వేడెక్కినది గదా, ఒత్తిడి రెండింతలు కావలదా?" అని యడుగుదురు. కావలదు. అసలు సున్ననుండి లెక్కించినచో అది 303నుండి 333కు పెరిగినది, అనగా పదవవంతు మాత్రమే. మన థర్మామీటరు సున్న మంచు కరగుచోట నాటిన రాయి. మిద్దెమీద నిలిచి చెట్టెత్తును కొలిచినవారు మిద్దెయెత్తును కూడ కలుపుకొనవలెను గదా!

ఇక చోటు పెరుగుటకు వీలులేని పాత్రలో వాయువును బంధించి వేడిచేసినచో నేమగును? చోటు సర్దుకొనదు కావున పీడనమే సర్దుకొనవలెను. గట్టిగా బిగించిన ఖాళీ డబ్బా నొకదానిని తలచుకొనుడు. అందలి గాలి 27 డిగ్రీలు, అనగా అసలు సున్ననుండి 300. దానిని పరాకున వేడిపొయ్యిపై మరచినచో 127 డిగ్రీలకు, అనగా 400కు చేరినదనుకొందము. ఒత్తిడి మూడవవంతు పెరిగినది. మనచుట్టునున్న గాలి ప్రతి చదరపు సెంటీమీటరుపై ఇంచుమించు ఒక కిలో బరువుతో నొత్తుచున్నది. డబ్బామూత 14 సెంటీమీటర్ల వెడల్పుగలదైన దాని వైశాల్యము 154 చదరపు సెంటీమీటర్లు. ప్రతి చదరపు సెంటీమీటరుపై అదనముగ మూడవవంతు కిలో. మొత్తము 50 కిలోలకు పైమాట! బియ్యపుబస్తా నెత్తగల బలము ఖాళీడబ్బాలో పుట్టినది. దోమలమందు, సుగంధముల చిమ్ముడుడబ్బాలు "ఖాళీయే గదా" యని చెత్తతోపాటు నిప్పులో వేయరాదనుట యిందువలననే. అవి నిజముగ ఖాళీ గావు.

ఇంతవరకు గాలి మాట. కుక్కరులో గాలికంటె బలవంతుడు వేరొకడున్నాడు, ఆవిరి. గాలి మాత్రమే యున్నచో 30 డిగ్రీలనుండి 120 డిగ్రీలకు కాచినను ఒత్తిడి ఇంచుమించు మూడవవంతే పెరుగును. కాని నీరు కాగిన కొలది క్రొత్త యణువులు మూకుమ్మడిగా వచ్చి చేరును. మూకుట్లోకి ఎవరో గుప్పిళ్లతో ఆవాలు విసరుచున్నట్లే. ఒక చెంచా నీరు, అనగా 5 మిల్లీలీటర్లు, బయట ఆవిరియైనచో 8 లీటర్లకు మించిన చోటు నాక్రమించును. మూడడుగుల నేల యడిగిన వామనుని కథ విన్న మనకు ఇది వింత గారాదు. ఆ విస్తరణమునకు తావియ్యక మూత బిగించితిమి. అందుచే ఒత్తిడి పెరుగును. ఒత్తిడి పెరిగిన కొలది నీరు మరగుటకు మరింత వేడి కావలసివచ్చును. మన కుక్కర్లలో సాధారణముగ చదరపు సెంటీమీటరునకు ఒక కిలో చొప్పున అదనపు టొత్తిడి యుండును. అప్పుడు నీరు 100 డిగ్రీలకు బదులు ఇంచుమించు 120 డిగ్రీలకడ మరగును. పప్పు త్వరగా మెత్తబడుటకు కారణ మీ యిరువది డిగ్రీలే. ఊటీవంటి కొండయూళ్లలో దీనికి వ్యతిరేకము జరుగును. గాలి పలుచన యగుటచే అచ్చట బయటి గిన్నెలో నీరు 93 డిగ్రీల లోపలనే తెర్లును. కందిపప్పు మెత్తబడుటకు మరింతసేపు పట్టును.

ఈ పాత్రను మొదట నిర్మించినవాడు దెనీ పపాను. ఇతడు ఫ్రాన్సు దేశీయుడు. లండనులో బాయిలునకు సహాయుడుగ పనిచేసినవాడు. 1679లో అచ్చటి రాయలు సొసైటీ పండితులకు తన పాత్రను చూపెను. మూతకు రంధ్రముంచి, దానిపై బరువు వ్రేలాడు చువ్వనుంచి, లోపలి యొత్తిడి మితిమీరినపుడు అది తానే లేచునట్లు చేయుట యితని బుద్ధివిశేషము. 1682 ఏప్రిలులో ఆ పండితులకు ఈ పాత్రతో వండిన విందు జరిగెను. ఎముకలు సైతము జున్నువలె మెత్తబడెనని ఆ విందు నారగించిన జాన్ ఈవిలిను తన దినచర్యలో వ్రాసికొనెను. మాకు ఎముకలతో పనిలేదు, బొబ్బర్లు ఉడికిన చాలును.

మనము విజిలని పిలుచు బరువు ఆ పపాను బరువునకు మనుమరాలు. రంధ్రము 3 మిల్లీమీటర్ల వెడల్పుగలదని యనుకొన్నచో, దానిపై ఒక కిలో చొప్పున పుట్టు బలము 70 గ్రాములు మాత్రమే. అందుచే చిన్న యినుపముక్క దానిని అదిమిపట్టగలదు. ఒత్తిడి ఆ మేరను దాటగనే బరువు లేచును, ఆవిరి కూయుచు వెలువడును, ఒత్తిడి కొంచెము తగ్గగా బరువు మరల కూర్చుండును. ఈల యనగా నింతే. కాబట్టి ఈలల లెక్క వంట లెక్క గాదు. మంట పెద్దదిగ నుంచినచో ఈలలు వెంటవెంటనే వచ్చును, లోపలి వేడిమి మాత్రము ఆ 120 వద్దనే యుండును. తొలియీల రాగానే మంట తగ్గించి, గడియారము చూచి దింపుకొన్నవారికి పప్పును ఉడుకును, గ్యాసును మిగులును.

ఇప్పుడు మూత సంగతి. 70 గ్రాములు రంధ్రమునకు చాలినవి గదా, మూత కెంత? కుక్కరునోరు 20 సెంటీమీటర్ల వెడల్పుగలదైనచో వైశాల్యము 314 చదరపు సెంటీమీటర్లు. దానిపై బలము 314 కిలోలు! అయిదారుగురు మనుష్యులు మూతక్రింద నిలిచి భుజములతో పైకి నెట్టుచున్నట్లు. మా వీధి యిల్లాలు గరిటెకాడతో వారిని విడిచిపెట్టినది. అంతేకాదు. 120 డిగ్రీల నీటిపై నొత్తిడి హఠాత్తుగా పోయినచో ఆ నీరు అట్లే యుండజాలదు. ఒక లీటరు నీటిలో ఇంచుమించు 37 గ్రాములు తత్క్షణమే ఆవిరియగును. అది యల్పముగ తోచును గాని, బయటికి రాగానే 60 లీటర్ల ఆవిరి, మూడు నాలుగు బిందెలంత. అదియే పప్పును వెంటబెట్టుకొని ముఖముమీదికి వచ్చునది. మూత సులభముగ తిరగకున్నచో అది మొండితనము కాదు, లోపల ఇంకను మనుష్యులున్నారని యర్థము. పట్టకారుతో బరువును కొంచెమెత్తి చూచినపుడు బుస్సుమన్నచో విడిచిపెట్టి వేచియుండవలెను.

బరువును ఎప్పు డుంచవలెననునది యింకొక సంగతి. మూత పెట్టినప్పుడు లోపల గాలి యున్నది. అది యుండగనే బరువు పెట్టినచో, ఒత్తిడిలో కొంతభాగము గాలిదియు కొంత యావిరిదియు నగును. ఈల వచ్చును గాని వేడిమి 120కి చేరదు, "నాలుగు ఈలలు వచ్చినను శనగలు ఉడకలేదేమి?" యని ఆశ్చర్యపడుట యిందుచేతనే. రంధ్రమునుండి ఆవిరి ఎడతెగని ధారగా వచ్చిన పిదపనే బరువు నుంచవలెను. అట్లు చేయుటచే వేరొక లాభమును గలదు. రంధ్రము పూడిపోయియున్నచో ధార రాదు, మనకు ముందే తెలియును. పప్పునురుగు, ముఖ్యముగ పెసర, ఎర్రకంది పప్పుల నురుగు, లేచి రంధ్రము నడ్డగించును. పాత్రను మూడింట రెండువంతులకు మించియు, నురుగు లేచు పప్పులను బియ్యమును సగమునకు మించియు నింపరాదు. రంధ్రమును ప్రతిదినము వెలుతురున కెదురుగా పెట్టి చూడవలెను. మూతమీద నుండు చిన్న బిళ్ల, రంధ్రము పూడినపుడు వేడికి తానే కరగి దారి యిచ్చుటకై యుంచినది. అది పోయిన తావున వేరొక మేకునో బిళ్లనో బిగించి వాడుకొను పొదుపరులను నే నెరుగుదును. చిన్న వస్తువుకై 314 కిలోలతో పందెము వేయుట పొదుపు గాదు.

కుక్కరు పూర్తిగ చల్లారినపిదపను మూత రాదని కొందరు సుత్తితో కొట్టుదురు. ఇది వ్యతిరేకపు కథ. ఆవిరి నీరైపోయి లోపల ఒత్తిడి లేకుండపోగా, బయటి గాలియే మూతను అదిమిపట్టినది. బరువు నెత్తి లోనికి గాలి రానిచ్చిన చాలును, మూత పువ్వువలె వచ్చును. వేడిపచ్చడిని నింపి బిగించిన సీసాకు నిదియే జబ్బు. దానిని గోరువెచ్చని నీటిలో కొంచెముసే పుంచవలెను.

ఈ మందు సీసాలకే గాని గ్యాసుబండకు గాదు. మంట సన్నగిల్లినపుడు బండను వేడినీటి తొట్టిలో నిలుపుట, ప్రక్కకు పడవేసి దొర్లించుట కొన్ని యిండ్ల వాడుక. ఇవి మానవలసిన పనులు. బండలో నున్నది కేవల వాయువు గాదు, అణచుటచే ద్రవమైన వాయువు. పైభాగమున మాత్రము దాని యావిరి యుండును. ద్రవము కొంచెమైన మిగిలియున్నంతవరకు లోపలి యొత్తిడి, ద్రవ మెంత యున్నదనుదానిపై గాక, ఎంత వేడిగ నున్నదనుదానిపైననే ఆధారపడును. వేడినీటిలో నుంచినచో ఒత్తిడి త్వరత్వరగా పెరుగును, ద్రవమును ఉబ్బును. నిండుబండలో సైతము కొంత చోటు ఖాళీగ విడిచి నింపుట ఆ యుబ్బునకు తావిచ్చుటకే. చలికాలమున మంట మందగించుటకు కారణమును వేడిమి తగ్గుటయే. ద్రవము వాయువగునపుడు బండనుండి వేడిని పీల్చుకొనును, బండ మరింత చల్లబడును. అప్పుడు మంట తగ్గించి వండుకొనుటయో, కొంత విరామమిచ్చుటయో చేయవలెను.

ఒత్తిడి చివరివరకు నొకేరీతిగ నుండును కావున మంటను చూచి బండలో నెంత మిగిలినదో చెప్పజాలము. అది తూకముతోనే తెలియును. ఇంటి బండలో నింపు గ్యాసు 14.2 కిలోలు, ఖాళీబండ బరువు దానిపైననే అచ్చువేసియుండును. తూకమునుండి దానిని తీసివేయవలెను. త్రాసు లేనివారు తడిగుడ్డతో బండ నొకసారి తుడిచి కొంచెముసేపు చూడుడు. పైభాగము ముందుగ ఆరును. ద్రవమున్న భాగము చల్లగ నుండుటచే తడి యాలస్యముగ పోవును. ఆ తడి నిలిచిన గీటువరకు గ్యాసున్నది.